కంచా, ఇత్తడా? మా ప్రొద్దుటూరు వైపు గిటార్ తీగల సంగతి

గిటార్ కొనేటప్పుడు మనవాళ్ళు చేసే రీసెర్చి అంతా ఇంతా కాదు. ల్యాప్‌టాప్ కొన్నట్టే ఎక్సెల్ షీటు వేసి మరీ కొంటారు. పై చెక్క స్ప్రూసా కాదా, మెడ మహాగనీదా, పికప్ ఉందా, ఆన్‌సైట్ నుంచి వచ్చే ఫ్రెండు చేత తెప్పిస్తే ఎంత మిగులుతుంది... అన్నీ చూస్తారు. తీరా కొన్నాక ఫ్యాక్టరీ వాడు బిగించి పంపిన తీగలే రెండేళ్ళో మూడేళ్ళో, ఒక్కోసారి గిటార్ అటకెక్కే దాకానో ఉండిపోతాయి. అసలు మోగేది తీగ అన్న సంగతి మాత్రం ఎవరికీ గుర్తు రాదు.

మా పిన్ని కొడుకు పులివెందులలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. వాడికి గుర్తొచ్చింది, సంతోషం. మొన్న ఫోన్ చేసి, "అన్నా, గిటార్‌కి బ్రాంజ్ తీగలు వేయాలంటాండారు. దాంట్లో మళ్ళా రెండు రకాలంట. ఏవి కొనాల?" అన్నాడు. వాడి గిటార్ నిజానికి నాది. బెంగుళూరులో గోడకి వేలాడుతూ ఉంటే ప్రొద్దుటూరులో దింపేసి వచ్చాను, అక్కడి నుంచి జమ్మలమడుగులో పిన్నివాళ్ళింటికి, అక్కడి నుంచి వాడితో పులివెందుల హాస్టలుకి పోయింది. వాట్సాప్‌లో రెండు ముక్కల్లో జవాబు ఇవ్వొచ్చు. ఇచ్చాను కూడా. కానీ ఇలా ఊర్లో తమ్ముళ్ళకో చెల్లెళ్ళకో గిటార్ దానం చేసినవాళ్ళు మనలో చాలామందే ఉంటారు కాబట్టి, కొంచెం వివరంగా చెప్తే ఉపయోగమేమో అనిపించింది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. మా వైపు నేర్చుకునేవాడికి ఫాస్ఫర్ బ్రాంజ్, 10 గానీ 11 గానీ గేజ్. అయితే ఏ లోహం అన్నది నిజానికి మూడో ప్రశ్న. మొదటిది ఎంత లావు తీగ అని, రెండోది మళ్ళీ ఎప్పుడు మారుస్తావు అని. అందరూ మూడోదాని దగ్గరే కొట్టుకుంటారు, ఎందుకంటే ప్యాకెట్ మీద పెద్ద అక్షరాలతో ఉండేది అదే.

సరే, ఆ మూడోదాన్నే ముందు తేల్చేద్దాం.

బ్రాంజ్ అంటే తెలుగులో కంచు. రాగిలో తగరం కలిపితే కంచు, రాగిలో జింకు కలిపితే ఇత్తడి. మన అమ్మమ్మలకి ఈ తేడా గరిట తగిలించి చప్పుడు వింటే తెలిసిపోయేది. ఇప్పుడు గిటార్ తీగల ప్యాకెట్ల మీద "80/20 బ్రాంజ్" అని ఉంటుంది చూడండి, అందులో 80 రాగి, 20 జింకు. అంటే అది ఇత్తడి! పక్కా ఇత్తడిని ఇన్నేళ్ళుగా కంచు పేరుతో అమ్ముతున్నారు. ఇందులో మోసం ఏమీ లేదులెండి, అమెరికాలో అదొక వాడుక. నూటికి 90 రాగి, 10 జింకు ఉన్న లోహాన్ని కూడా అక్కడ "కమర్షియల్ బ్రాంజ్" అనే అంటారు. ఈ 80/20 తీగలు 1930లలో న్యూయార్క్‌లో మొదలయ్యాయి, డి అడారియో కుటుంబం, గిటార్లు చేసే డి ఆంజెలికో కలిసి తెచ్చారు. ఫాస్ఫర్ బ్రాంజ్ ఆ తర్వాత, 1974లో అదే డి అడారియో కంపెనీ తెచ్చింది. అందులో దాదాపు 92 వంతులు రాగి, 8 వంతులు తగరం, చిటికెడు ఫాస్ఫరస్. రెండింట్లో నిజమైన కంచు ఇదే.

ప్రొద్దుటూరు వాళ్ళకి ఇది ఇట్టే అర్థమవుతుంది. బంగారం వ్యాపారంతో బతికే ఊరు కదా. 916 అంటే వెయ్యిలో 916 వంతులు బంగారం అని చిన్నపిల్లాడు కూడా చెప్తాడు, మిగతా 84 వంతులు ఏం కలిపారో అడిగే బేరగాళ్ళు కూడా ఉంటారు. అదే మనిషి తీగల ప్యాకెట్ మీద 80/20 చూసి ఆ 20 ఏమిటని అడగడు. తీగలకి హాల్‌మార్క్ కూడా లేదు మరి. మోతలో కంచుకీ బంగారానికీ పోలిక తెచ్చి వేమన కంచుని చిన్నబుచ్చాడు గానీ, వాయిద్యం దగ్గరకొచ్చేసరికి మనకి కావలసింది మోగేదే.

ఇంకో ముఖ్యమైన సంగతి. "బ్రాంజ్ సెట్" అంటే ఆరు తీగలూ బ్రాంజ్ కాదు. సన్నవి రెండూ, అంటే మొదటి ఇ, దాని పక్కన బి, వట్టి ఉక్కు తీగలు. ఏ సెట్ కొన్నా అవి అంతే. మిగతా నాలుగింటికీ కూడా లోపల ఉండేది ఉక్కే, దాని చుట్టూ సన్నటి బ్రాంజ్ తీగ దగ్గరదగ్గరగా చుట్టి ఉంటుంది. ఈ చుట్టడం ఎందుకంటే, మంద్రంగా మోగాలంటే తీగ బరువుండాలి. ఉక్కు తీగనే లావు చేసుకుంటూ పోతే అది కమ్మీలా బిగుసుకుపోతుంది, వంగదు, మోత చెడుతుంది. లోపల సన్నటి ఉక్కు పెట్టి పైన చుడితే బరువూ వస్తుంది, వంగే గుణమూ మిగులుతుంది. మనకి ఇది కొత్తేమీ కాదు, కచేరీలో వెనక మీటే తంబురాకి కూడా మంద్ర షడ్జానికి ఇత్తడి తీగ, మిగతావాటికి ఉక్కు తీగలు వేస్తారు.

మరి శబ్దంలో తేడా? ఉంది. 80/20 కొత్తలో గలగలమంటుంది, పై స్వరాలు మెరుస్తాయి. ఫాస్ఫర్ బ్రాంజ్ కాస్త నిండుగా, వెచ్చగా ఉంటుంది. కానీ రెండు లోహాల సాంద్రత లెక్క చూస్తే ఒకటి 8.7 దగ్గర, ఇంకోటి 8.8 దగ్గర. రెండు శాతం కూడా తేడా లేదు. మీ గోళ్ళు పెరగడం వల్ల, ప్లెక్ట్రమ్ మార్చడం వల్ల వచ్చే తేడా ఇంతకంటే ఎక్కువ. పైగా ఆ 80/20 మెరుపు రోజూ వాయించేవాడి చేతిలో కొద్ది రోజుల్లో పోతుంది. రికార్డింగ్ ఉంది, రేపే కొత్త తీగలు వేస్తాను అనేవాడికి 80/20 మంచిదే. నెలలతరబడి ఒకే సెట్ మీద బతకాల్సినవాడికి అది డబ్బు దండగ. జింకు ఉన్న లోహం కన్నా తగరం ఉన్నది చెమటని బాగా తట్టుకుంటుంది. నేను ఫాస్ఫర్ బ్రాంజ్ అనడానికి కారణం అంతే, దాని "వెచ్చదనం" గురించి కాదు.

ఇక అసలు విషయం. పాత తీగలు.

మా తమ్ముడు తీగల గురించి అడిగే ముందు ఇంకో మాట అన్నాడు. "నాకు సంగీతం రాదేమోన్నా, చెవి లేదు నాకు" అని. ఏమైందిరా అంటే, ట్యూనర్ యాప్‌లో ఆరు తీగలూ పచ్చ లైటు చూపిస్తున్నాయి, కార్డు పట్టుకుంటే మాత్రం వినబుద్ధి కావట్లేదట. ఫొటో పెట్టరా అన్నాను. పెట్టాడు. నాలుగు లావు తీగలూ నల్లగా, అక్కడక్కడా చిలుము పట్టి ఉన్నాయి. మొదటి రెండూ తుప్పు. వాడికి చెవి బ్రహ్మాండంగా ఉంది! అపశ్రుతిని అపశ్రుతి అని గుర్తుపట్టాడు కదా, లేనిదల్లా సరైన తీగలు.

ఇది ఎందుకు జరుగుతుందంటే, తీగ బరువు పొడుగునా సమానంగా ఉంటేనే శృతి నిలుస్తుంది. వాడేకొద్దీ చుట్ల సందుల్లో చెమట ఉప్పు, చర్మం పొట్టు, దుమ్ము చేరతాయి. అది కూడా అన్నిచోట్లా కాదు, మనం ఎక్కువ పట్టుకునే మొదటి నాలుగు ఫ్రెట్ల దగ్గరే. కింద ఫ్రెట్టు ఒత్తుకుని గాట్లు పడతాయి. దాంతో తీగ ఒకచోట బరువు, ఇంకోచోట తేలిక. ఖాళీ తీగ మీటితే ట్యూనర్ సరే అంటుంది, మూడో ఫ్రెట్టు దగ్గర నొక్కితే స్వరం పక్కకి జారుతుంది. మన భాషలో చెప్పాలంటే కోడ్ కరెక్టే, ఎన్విరాన్‌మెంట్ పాడైంది. మనమైతే అలాంటప్పుడు కోడ్‌ని అనుమానించి రెండు రాత్రులు డీబగ్ చేసి చివరికి సర్వర్ వాణ్ణి తిడతాం. కొత్తగా నేర్చుకునేవాడు ఎవర్ని తిడతాడు? తనని తానే తిట్టుకుంటాడు.

హైదరాబాదులో అయితే పక్కన ఒక గురువో, వాయించే స్నేహితుడో ఉంటాడు. ఒక్కసారి చేతిలోకి తీసుకుని "ముందు తీగలు మార్చు నాయనా" అంటాడు. పులివెందుల హాస్టల్లో ఒక్కడే కూర్చుని యూట్యూబ్ చూసి నేర్చుకునేవాడికి ఆ మాట అనేవాళ్ళెవరు? యూట్యూబ్ గురువుకి నీ గిటార్ వినపడదు కదా. ఇలా ఎంతమంది "మనకి రాదులే" అని పక్కన పెట్టేశారో తలుచుకుంటే నాకు నిజంగా కష్టంగా ఉంటుంది. పిజ్జా డబ్బులతో పోయే దానికి.

అందుకే, రోజూ అరగంట వాయించేవాడు రెండు మూడు నెలలకోసారి మార్చాలి. వాయించాక పొడి నూలు గుడ్డతో పైనా కిందా తుడిస్తే ఇంకో నెల వస్తాయి. ఒక హెచ్చరిక: మా ఇళ్ళలో ఇత్తడి చెంబు నల్లబడితే చింతపండు వేసి తోమడం అలవాటు. తీగలకి ఆ వైద్యం చెయ్యొద్దు. పైకి తళతళలాడతాయి గానీ పులుసు చుట్ల సందుల్లోకి దిగి లోపలి ఉక్కు తుప్పు పడుతుంది.

గేజ్ సంగతికొద్దాం. ప్యాకెట్ మీద 10, 11, 12 అని ఉండేది మొదటి తీగ మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో. 12ని "లైట్" అంటారు. ఆ పేరు ఎవరు పెట్టారో గానీ, వేళ్ళు కాయలు కాసిన అమెరికా వాడికి అది లైటేమో! 11 కస్టమ్ లైట్, 10 ఎక్స్‌ట్రా లైట్. మన పిల్లలకి లైట్ అన్న మాట చూసి 12 కొనిపెట్టి, వేళ్ళు బొబ్బలెక్కాయని వాళ్ళు ఏడిస్తే "అలాగే ఉంటుంది మొదట్లో" అంటాం. 12కీ 10కీ తేడా చూడ్డానికి వెయ్యిలో రెండు వంతులే. కానీ బరువు మందం వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి అదే స్వరానికి బిగిస్తే మొదటి తీగ లాగుడు 30 శాతం పైగా తగ్గుతుంది. పది కిలోల పైచిలుకు నుంచి ఏడు కిలోల చిల్లరకి. ఆరు తీగలూ కలిపి చూస్తే 12 సెట్ గిటార్‌ని 70, 75 కిలోల బరువుతో లాగుతూ ఉంటుంది, 10 సెట్ 60 చుట్టుపక్కల. అంటే ఒక మనిషి రాత్రింబవళ్ళు ఆ బ్రిడ్జికి వేలాడుతున్నట్టు.

ఇంట్లో ఇప్పటికే 12 సెట్ ఉంటే పారేయక్కర్లేదు. ఆరు తీగలూ ఒక్కో అర స్వరం కిందికి దించి, మొదటి ఫ్రెట్టు మీద కేపో పెట్టుకోండి. పాట శృతి మారదు, లాగుడు దాదాపు 11 శాతం తగ్గుతుంది. మన పాటలకి ఇంకో కారణం కూడా ఉంది. తెలుగు పాట ఏది వాయించాలన్నా స్వరాన్ని కొంచెం ఊపాలి, లాగాలి, జార్చాలి. లావు తీగ ఆ మాట వినదు. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ (1969–2014) మామూలు మాండొలిన్‌కి ఉండే జంట తీగల్ని వదిలేసి, అయిదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద కర్ణాటక సంగీతం వాయించాడు. ఆ స్థాయి మనకెక్కడ వస్తుంది గానీ, పాటని బట్టి తీగ ఉండాలన్నది మాత్రం అక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

అన్నట్టు, మీరు ఊళ్ళో ఇచ్చినది నైలాన్ తీగల గిటార్ అయితే (సన్న తీగలు మూడూ ప్లాస్టిక్‌లా ఉంటాయి) దానికి ఏ బ్రాంజ్ సెట్టూ వెయ్యకూడదు. దాని ఒళ్ళు 40 కిలోలకి అటూ ఇటూ తట్టుకునేలా చేసింది. 70 కిలోలు వేస్తే బ్రిడ్జి ఊడి చేతికొస్తుంది.

మా ఎండల సంగతి చెప్పకపోతే ఇదంతా అసంపూర్ణం. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు పెన్న ఒడ్డున ఉన్నాయని పేరే గానీ మే నెలలో ఇసుకే కనిపిస్తుంది. ఎండ 40 దాటడం వార్త కాదు. ఎర్రగుంట్ల వైపు నాపరాళ్ళ దుమ్ము సరేసరి. చెన్నైలోనో విశాఖలోనో గాలిలో తేమకి తీగలు వాటంతటవే తుప్పు పడతాయి. మా దగ్గర గాలి పొడి, కాబట్టి ఆ బాధ తక్కువ. ఇక్కడ తీగని తినేది చేతి చెమట, దుమ్ము. ఎండ మాత్రం తీగని వదిలేసి చెక్కని పట్టుకుంటుంది. పొడి గాలికి చెక్క కుంచించుకుపోతుంది, పై పలక కిందికి దిగుతుంది, తీగలు ఫ్రెట్లకి తగిలి జుయ్యిమంటాయి. అది చూసి "తీగలు సన్నగా ఉన్నాయి, లావువి వేద్దాం" అంటారు. ఎండకి బలహీనపడిన చెక్క మీద ఇంకో పది కిలోలు ఎక్కిస్తారన్నమాట! మే నెలలో జుయ్యిమంటే తీగలు మార్చకండి. సబ్బు పెట్టె లాంటి చిన్న డబ్బాకి చిల్లులు పెట్టి, తడిపి గట్టిగా పిండిన స్పాంజి అందులో వేసి, గిటార్‌తో పాటు సంచిలో పెట్టి జిప్పు మూసెయ్యండి. కొన్నాళ్ళకి సర్దుకుంటుంది. ముద్దనూరు మీదుగా ఎర్రటెండలో వెళ్తూ టీ తాగడానికి కారు ఆపినా, గిటార్‌ని మూసిన కార్లో వదలొద్దు. జిగురు మెత్తబడితే ఇక ఏ తీగా కాపాడలేదు.

కోటింగ్ తీగల గురించి బెంగుళూరు ఫ్రెండ్స్ చాలా చెప్తారు. పైన పలచటి పాలిమర్ పూత ఉంటుంది, చెమట, మురికి లోపలికి పోవు. 1990లలో ఎలిక్సిర్ వీటిని బాగా ప్రచారంలోకి తెచ్చింది, గోర్‌టెక్స్ బట్ట చేసే కంపెనీ వాళ్ళదే. ధర మామూలు వాటికి రెట్టింపు, ఒక్కోసారి ఇంకా పైన. నా లెక్క ఇది: సంక్రాంతికీ దసరాకీ ఊరొచ్చి నాలుగు రోజులు వాయించి వెళ్ళే మనలాంటి వాళ్ళ గిటార్‌కి కోటింగ్ ఫాస్ఫర్ బ్రాంజ్ వేసి మర్చిపోవచ్చు. రోజూ వాయించి నేర్చుకునే పిల్లాడికి మాత్రం అదే డబ్బుతో రెండు మామూలు సెట్లు కొనివ్వండి. తీగలు మార్చడం చేతికి అలవాటవుతుంది, అదీ ఒక విద్యే. పూత ఉన్న ఖరీదైన సెట్ వేసుకున్నవాడు "ఇంకా బాగానే ఉన్నాయిలే" అని ఏడాది లాగుతాడు, మనిషి బుద్ధి అంతే.

ఇంతకీ కొన్నది అసలు బ్రాంజేనా అని ఎలా తెలుస్తుంది? అంగళ్ళలో గానీ ఆన్‌లైన్‌లో గానీ చౌకగా దొరికే సెట్లలో కొన్నిటికి చుట్టు తీగ కూడా ఉక్కే, పైన రాగి రంగు పూత. అయస్కాంతం పెట్టి చూద్దామంటే కుదరదు, అసలు బ్రాంజ్ తీగ కూడా అంటుకుంటుంది, లోపల ఉక్కు ఉంది కదా. దానికో ఉపాయం. తీగలు బిగించాక చివర కోసేసిన ముక్క ఉంటుందిగా, దాని పై చుట్టుని గోటితోనో కటింగ్ ప్లేయర్‌తోనో విప్పండి. విడిగా వచ్చిన ఆ సన్నటి తీగకి అయస్కాంతం చూపించండి. కదలకపోతే అసలుది, అతుక్కుంటే ఉక్కు. కంచో ఇత్తడో మాత్రం దీంతో తేలదు, రెండూ అయస్కాంతానికి లొంగవు. గీటురాయి మీద గీసి క్యారెట్ చెప్పగలిగేవాళ్ళు ప్రొద్దుటూరులో వీధికి పదిమంది ఉన్నారు గానీ గిటార్ తీగ పట్టుకుపోతే ఏమంటారో ఊహించుకోగలను.

మా తమ్ముడికి చివరికి 11 గేజ్ ఫాస్ఫర్ బ్రాంజ్, మూడు సెట్ల ప్యాకెట్ పంపాను. విడిగా కొన్నదానికంటే చవక పడుతుంది, హాస్టల్లో గిటార్ ఉన్న ఇంకో ఇద్దరుంటే పంచుకోవచ్చు కూడా. పాతవి ఆరూ ఒకేసారి విప్పెయ్యకుండా ఒక్కొక్కటే మార్చమన్నాను, మెడ మీద లాగుడు ఒక్కసారిగా పోకుండా ఉంటుంది. కొత్తవి రెండు రోజులు సాగుతాయి, శృతి దిగిపోతూ ఉంటుంది, కంగారు పడొద్దన్నాను. కోసిన ముక్కలు మాత్రం కాగితంలో చుట్టి పారెయ్యాలి. అరికాల్లో గుచ్చుకుంటే చీపురు పుల్లలా కనపడవు, సూదిలా దిగుతాయి.